ఆ లైబ్రరీ ఇప్పుడే కొనొద్దు అబ్బీ

నాయనా,

బ్లాక్ ఫ్రైడే తగ్గింపులో ఆ పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీ చవగ్గా వస్తోంది, కొనమంటావా వద్దంటావా పెద్దనాయనా అని అడిగినావు. మీ నాయన్ని అడిగితే కసురుకుంటాడని నా దగ్గరికి వచ్చినట్టున్నావు. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు ఫోన్ చేసి మరీ అడిగినందుకు సంతోషమే గానీ, నేను చెప్పేది నీకు నచ్చదు. ఇప్పుడే కొనొద్దు. డబ్బు దండగ అని అనడం లేదు, ఆ సంగతి తర్వాత చెప్తా. నీ దగ్గరున్నదాన్నే నువ్వింకా సరిగ్గా వాయించలేదు. నా అభ్యంతరమల్లా అదే.

మొన్న దసరాకు ప్రొద్దుటూరు తొట్టిమెరవణిలో నీ అమ్మవారి పాట వేసినారు. అన్ని బాక్సుల హోరులోనూ పల్లవి ఎత్తుగడ చెవిన పడింది, బాగుంది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా మళ్ళీ విన్నా. మొదటి చరణానికి ముందొచ్చే బిట్‌లో ఫ్లూట్ ఆగకుండా సాగుతానే ఉంది. ఎక్కడా ఊపిరి తీసుకోదు. అది వాయించేవాడు నిజం మనిషే అయ్యుంటే సగంలోనే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. ఆ వెనక వయొలిన్లు పట్టుకున్న కార్డ్ విను. మూడు వేళ్ళతో మూడు స్వరాలు నొక్కి, అట్లే పట్టుకున్నావు. ఒక్క మీట కింద పదహారు మంది వయొలిన్ వాళ్ళున్నారు కదా, మూడు మీటలు నొక్కితే నలభై ఎనిమిది మందయినారు. ఏ ఆర్కెస్ట్రాలో ఉంటారు అబ్బీ, నలభై ఎనిమిది మంది మొదటి వయొలిన్ వాళ్ళు? వాళ్ళంతా ఒకే బలంతో, ఒకే క్షణంలో మొదలుపెట్టి, ఒకే క్షణంలో ఆపినారు. అందుకే పాట అంత బరువుగా ఉండి కూడా ఎక్కడా కదల్లేదు.

ప్రొద్దుటూరు బజార్లో బంగారం కొన్న ప్రతివాడూ కంసాలి కాడు. ఆరొందల జీబీ లైబ్రరీ కొన్నా నీ పాటలో ఆ ఫ్లూట్ ఊపిరి తీసుకోదు, నువ్వు తీయిస్తే తప్ప.

ఈ లైబ్రరీలు ఎట్లా తయారైనాయో ఒకసారి చూస్తే నేననేది నీకే తెలుస్తుంది. మీట నొక్కితే ఇంకొకరి వాద్యం పలకాలనే ఆశ ఈనాటిది కాదు. 1963లో ఇంగ్లండులో మెల్లోట్రాన్ అనే పెట్టె వచ్చింది. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే ఎవరో వాయించి పెట్టిన స్వరం. నొక్కి పట్టుకుంటే ఎనిమిది సెకన్లు పలికి, టేపు అయిపోయి ఊరుకునేది. 1967లో బీటిల్స్ వాళ్ళ ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాట మొదట్లో వినపడే ఫ్లూట్లు దానివే. 1979లో ఆస్ట్రేలియా వాళ్ళ ఫెయిర్‌లైట్ వచ్చి ఆ పనిని టేపు నుంచి కంప్యూటర్లోకి తెచ్చింది. ఈ పెట్టెల కథంతా చెప్తూ కూర్చుంటే తెల్లారుతుంది, ఒక్క మనిషి గురించి మాత్రం చెప్పి ముందుకు పోతా.

వియన్నాలో హెర్బ్ టుక్‌మండల్ అని ఒక చెల్లో కళాకారుడు. 2000లో వియన్నా సింఫానిక్ లైబ్రరీ మొదలుపెట్టినాడు. బయటి చప్పుడు లోపలికి రాకుండా, లోపలి ప్రతిధ్వని వీలైనంత తక్కువుండేట్టు ‘సైలెంట్ స్టేజ్’ అని ఒక గదే ప్రత్యేకంగా కట్టించినాడు. వాద్యకారుణ్ణి అక్కడ కూర్చోబెట్టి స, రి, గ అని ఒక్కో స్వరం వాయించి పొమ్మనలేదు. ఈ స్వరం నుంచి ఆ స్వరానికి జారేటప్పుడు మధ్యలో ఏం జరుగుతుందో దాన్ని కూడా రికార్డు చేయించినాడు. ప్రతి స్వరం నుంచీ మిగతా స్వరాలకు, కిందికీ పైకీ. ఎంత విసుగు పని అది! కానీ చెల్లో చేతపట్టినవాడు కాబట్టే, సంగీతం స్వరాల్లో కంటే వాటి నడుమనే ఎక్కువుంటుందని అతనికి తెలిసింది. ఈ రోజు పెద్ద లైబ్రరీల్లో ‘లెగాటో’ అని కనపడే ఆప్షన్ వెనక ఉన్న కష్టం అది.

నీ లాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్న బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ సంగతీ అంతే. లండన్ మైడా వేల్ స్టూడియోలో ఆ ఆర్కెస్ట్రా వాళ్ళను కూర్చోబెట్టి స్పిట్‌ఫైర్ ఆడియో వాళ్ళు రికార్డు చేసి, 2019లో విడుదల చేసినారు. తొంభై తొమ్మిది మంది వాద్యకారులు. పెద్ద ఎడిషన్ ఆరొందల జీబీ దాకా ఉంటుంది, నీ దగ్గరున్న చిన్నది రెండొందల ఎంబీ. చిన్నదైనా అందులో పలికేది వాళ్ళ చేతులే. నువ్వు మీట నొక్కిన ప్రతిసారీ ఎక్కడో ఒక మనిషి విల్లు ఆడించిన క్షణం పలుకుతోంది. ఆ మనిషిని మనసులో పెట్టుకుని నొక్కు.

ఇదంతా లండన్, వియన్నా కబుర్లని కొట్టేయొద్దు. మద్రాసులో తెలుగు పాటకు అంత పెద్ద ఆర్కెస్ట్రా కూర్చునే చోటు కట్టినవాళ్ళలో మనవాళ్ళే ముందున్నారు. బి.ఎన్. రెడ్డి మీ పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టినాడు. వాహినీ స్టూడియో పెట్టినవాళ్ళలో ఆయనొకడు. తర్వాత తమ్ముడు బి. నాగిరెడ్డి చేతిలో అది విజయా-వాహినీ అయి, ఆసియాలోనే పేరున్న పెద్ద స్టూడియోల్లో ఒకటయింది. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’ వచ్చింది, సాలూరు రాజేశ్వరరావు సంగీతం. ఆ పాటల్ని ఒక్కసారి నీ మంచి హెడ్‌ఫోన్స్‌లో విను. అప్పట్లో ట్రాకులు విడివిడిగా తీసి తర్వాత అతికించే వీలు లేదు. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకేసారి కూర్చోవాలి, ఎవరి చేయి తప్పినా అందరూ మొదటికి రావాలి. అందుకని ప్రతివాడూ పక్కవాణ్ణి వింటూ వాయించేవాడు. గాయకుడు గొంతు తగ్గిస్తే వయొలిన్లు వాటంతటవే తగ్గేవి, ఎవరూ ఫేడర్ లాగాల్సిన పనిలేదు. నీ పాటలో లేనిది ఆ వినడమే. నీ ట్రాకులు ఒకదాన్నొకటి వినవు, కాబట్టి వాటి తరఫున నువ్వు వినాలి.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సింహాద్రిపురం పద్మనాభం మనకు నవ్వించే నటుడిగానే గుర్తు. కానీ 1966 డిసెంబర్ 15న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలిసారి సినిమా పాట పాడింది ఆయన తీసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసమే. సంగీతం కోదండపాణి. మీ పక్క మండలం మనిషి ఒక కొత్త గొంతుకు చోటిచ్చినాడని నేనెప్పుడూ చెప్పుకుంటుంటా. ఎందుకు చెప్పినానో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. నీ కీబోర్డు ఎడమ పక్కన మోడ్ వీల్ ఉంది చూడు, దాని మీద దుమ్ము పట్టుంటుందని పందెం. ఈ ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో స్వరం నిలబడినంతసేపూ బలాన్ని నడిపేది ఆ చక్రమే. మీటను గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా సాగే స్వరాలకు పెద్ద తేడా రాదు. చక్రం తిప్పితే శబ్దం పెరగడమే కాదు, దాని రంగే మారుతుంది, ఎందుకంటే మెల్లగా వాయించిన రికార్డు నుంచి గట్టిగా వాయించిన రికార్డులోకి నువ్వు నడిచిపోతున్నావు. వాల్యూమ్ పెంచడం వేరు, ఇది వేరు. రోజూ పొద్దున అరగంట, ఒక్క చెల్లో ట్రాక్ పెట్టుకుని, కుడి చేత్తో ఒక స్వరం పట్టి, ఎడమ చేత్తో ఆ చక్రాన్ని నిదానంగా పైకీ కిందికీ ఆడించు. విల్లు లాగే చెయ్యి ఎట్లా బరువు మారుస్తుందో అట్లా. మౌస్‌తో గీసిన గీతకూ, చేత్తో ఆడించిన దానికీ ఉన్న తేడా రెండు రోజుల్లో నీ చెవికే తెలిసిపోతుంది.

ఫ్లూట్‌కు రాసేటప్పుడు నువ్వే ఆ వరస నోటితో పాడు. ఎక్కడ నీకు ఊపిరి అందదో అక్కడ స్వరాన్ని కొంచెం కత్తిరించు. ఇంకొకటి, ఫ్లూట్ కింది స్థాయి గొంతు నిజంగా చాలా మెత్తన. నువ్వు దాని మీద నాలుగు ట్రాంబోన్లు పెట్టి, ఫేడర్ ఎత్తి ఫ్లూట్‌ను వినిపించినావు. కంప్యూటర్‌లో కుదురుతుంది, హాలులో కుదరదు. వినేవాడికి ఇంగ్లీషు వాద్యాల పేర్లు తెలియకపోవచ్చు, కానీ ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది.

వయొలిన్ కార్డ్ సంగతి. మూడు స్వరాలనూ ఒకే ట్రాకులో నొక్కొద్దు. పై స్వరం మొదటి వయొలిన్లకివ్వు, మధ్యది రెండో వయొలిన్లకు, కిందిది వయోలాలకు. వయొలిన్ మధ్య ‘సి’ కింద ఉన్న ‘జి’ కంటే దిగదు, అంతకంటే కిందికి పోవాలంటే వయోలా, చెల్లోల దగ్గరికే పోవాలి. వాళ్ళను ఒకే క్షణంలో మొదలుపెట్టించొద్దు, వెంట్రుకవాసి అటూ ఇటూ ఉండనీ. నువ్వు క్వాంటైజ్ బటన్ నొక్కడం మానేస్తే ఆ తేడా దానంతటదే వస్తుంది.

ఒకే స్వరాన్ని గబగబా కొట్టేటప్పుడు, టకటక అని మిషన్ తుపాకీ చప్పుడు రాకుండా, ఒక్కో దెబ్బకూ ఒక్కో వేరే రికార్డు పలికేట్టు లైబ్రరీలు ఏర్పాటు చేస్తాయి. దాన్నే రౌండ్ రాబిన్ అంటారు. కానీ ఎన్ని రికార్డులున్నా, ప్రతి దెబ్బనూ నువ్వు ఒకే బలంతో కొడితే ఆ ఏర్పాటు వృథా. పెద్ద లైబ్రరీల లెగాటోలో ఇంకో చిక్కుంది. జారుడును కూడా రికార్డు చేసినారు కాబట్టి అసలు స్వరం మీట నొక్కినాక కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆ ట్రాకును కాస్త ముందుకు జరపాలి. జరపకపోతే తబలా ఒక చోట, వయొలిన్ ఒక చోట. పెద్దది కొన్నాక లయ జారిపోతోందని బాధపడే కుర్రవాళ్ళలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇందులో చాలావరకు నీ రెండొందల ఎంబీ లైబ్రరీతోనే నేర్చుకోవచ్చు. వాద్యాలు చాలకపోతే స్పిట్‌ఫైర్ ల్యాబ్స్‌లో ఉచితంగా వచ్చేవున్నాయి, వర్సీలియన్ వాళ్ళ వీఎస్‌సీఓ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, లండన్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా తన వాద్యకారుల శాంపిల్స్ ఊరికే ఇస్తుంది. వీటన్నిటినీ పిండి, ఇంక పిండడానికేమీ లేదనిపించినప్పుడు అప్పుడు కొను. అప్పుడు ఏది కొనాలో కూడా నీకే తెలుస్తుంది. నిజానికి నీకు కావాల్సింది ఆర్కెస్ట్రా మొత్తం కాకపోవచ్చు, మంచి చెల్లో ఒక్కటే కావచ్చు.

డబ్బు విషయం రెండు ముక్కల్లో. ఇట్లాంటి లైబ్రరీలు పూర్తి ధరకు వెయ్యి డాలర్ల దాకా పోతాయి, ఈఎంఐ పెట్టి కొనే వస్తువు కాదిది. కొన్నాక నచ్చకపోతే సాధారణంగా ఇంకొకరికి అమ్ముకోనివ్వరు, లైసెన్సు నీ పేరుతోనే ఉండిపోతుంది. పెన్ డ్రైవ్‌లో ఎవరో ఊరికే ఇస్తానన్న క్రాక్ మాత్రం ముట్టుకోవద్దు. ఆ తొంభై తొమ్మిది మందీ కూలి తీసుకుని వాయించినవాళ్ళు. రేపు నీ పాటను ఎవరైనా ఎత్తుకుపోతే నువ్వు ఏ మొహంతో అడుగుతావు?

ఇప్పుడు అసలు చిక్కు. నీ పాట మన పాట. తోడిలో గాంధారం నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. ఏ ఆర్కెస్ట్రా లైబ్రరీ వయొలిన్‌ను తెచ్చినా, అందులో సాధారణంగా స్వరం నిటారుగా నిలబడి, దాని మీద వాళ్ళ పద్ధతిలో వైబ్రాటో ఉంటుంది. నువ్వు పిచ్ బెండ్‌తో వంచితే వైబ్రాటో కూడా దాంతోపాటే వంగుతుంది, పదహారు మంది ఒకే మనిషిలాగా ఒకేసారి వంగుతారు. కొంచెం శ్రద్ధగా విన్నావంటే కడుపులో తిప్పుతుంది. నాదస్వరమైతే ఇంకా కష్టం. అక్కడ స్వరం వేలి కింద సగం, పీక మీద పెదవి నొక్కుడులో, ఊపిరిలో సగం ఉంటుంది. దాన్ని మీటల మీద పరచడం మానవమాత్రుడి వల్ల కాదు.

కాబట్టి గమకం ఉన్న వరస లైబ్రరీకి ఇవ్వొద్దు. వెనక నిలిచే స్వరాలు, లోతు, ఊపు వాటికివ్వు. ముందు పలికే వరస ఒక మనిషికివ్వు. ప్రొద్దుటూరులో సన్నాయి మేళం వాళ్ళు లేరా? పెళ్ళిళ్ళ సీజన్ కాని రోజుల్లో ఖాళీగానే ఉంటారు. కర్ణాటక వయొలిన్ నేర్పే పంతుళ్ళున్నారు, కడప ఆకాశవాణిలో వాయించిన పెద్దవాళ్ళున్నారు. ఒక్క మనిషి వయొలిన్, వెనక నీ శాంపిల్ వయొలిన్ల మీద పడితే, వినేవాళ్ళకు మొత్తం నిజం ఆర్కెస్ట్రాలాగానే వినపడుతుంది. సినిమా వాళ్ళు చాలామంది చేసేది ఇదే. కంప్యూటర్ సంగీతాన్ని మన దక్షిణాదిలో ముందుగా వాడినవాళ్ళలో ఒకడైన ఇళయరాజా ‘హే రామ్’ కోసం బుడాపెస్ట్ పోయి మనుషులతో వాయించుకొచ్చినాడు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీని సజీవమైన ఆర్కెస్ట్రాతోనే వినిపించినాడు. ఆయనకు లైబ్రరీలు దొరక్క కాదు కదా. పద్మనాభం ఒక కొత్త గొంతుకు చోటిచ్చినట్టు నువ్వు కూడా మన ఊరి చేయి ఒకదానికి చోటివ్వు. పైకం ముందే మాట్లాడు, పాటలో పేరు వెయ్యి. సాయం అడుగుతున్నట్టు అడగొద్దు, పనికి పిలిచినట్టు పిలువు.

రికార్డు చేసే గది గురించి ఒక మాట. మన ఇళ్ళల్లో నేల నాపరాయి, మెట్లు నాపరాయి, కొన్ని ఇళ్ళల్లో గోడకూ అదే. అది శబ్దాన్ని మింగదు, విసిరికొడుతుంది. మైకు పెట్టేముందు నేల మీద బొంతలు పరిచి, గోడకు రెండు దూది పరుపులు నిలబెట్టు. దూదికి మన ప్రొద్దుటూరులో కరువా? ఫ్యాన్ ఆపాల్సిందే, అందుకే ఈ పనులు సంక్రాంతి అయ్యాక, ఎండలు ముదరక ముందే పెట్టుకోవాలి. వాద్యం పొడిగా రికార్డయితే తర్వాత లండన్ లిండ్‌హర్స్ట్ హాలులో తీసిన శాంపిల్స్ పక్కన కూర్చోబెట్టడానికి కావాల్సినంత రివర్బ్ నువ్వే కలుపుకోవచ్చు. ఆ హాలు ఒకప్పుడు చర్చి, ఆ గుంభనమంతా శాంపిల్‌లోనే వస్తుంది. వియన్నా వాళ్ళవి పొడిగా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే పాటలో ఊరికే పక్కపక్కన పెడితే, ఒకడు గుడిలో ఒకడు గదిలో వాయించినట్టుంటుంది.

కొనడానికి ఉంచుకున్న డబ్బుతో ఏం చేయాలంటావా? నువ్వే ఒక లైబ్రరీ తయారుచెయ్యి. నవ్వొద్దు. ఆ కంపెనీల జాబితాల్లో భారతీయ వాద్యాలంటే తబలా, సితార, తంబూరాలదే పెద్దపీట. మన పలకలు, మన చెక్కభజన చెక్కలు, అనంతపురం వైపు ఉరుములు ఎవరు తీస్తారు? పలకనే తీసుకో. చలిమంట మీద చర్మం కాచి, వేలితో మీటి చూసి, మళ్ళీ కాచి, అప్పుడు మెడకు తగిలించుకుంటారు. కాచిన వెంటనే ఉన్న కంగు పదినిమిషాలకు ఉండదు, చర్మం చల్లబడి స్థాయి దిగిపోతుంది. కాబట్టి ముందు మైకులు పెట్టుకుని, లెవల్స్ సరిచూసుకుని, ఆ తర్వాతే మంట దగ్గరికి పంపాలి. కాచగానే గట్టి దెబ్బలు, చల్లబడేకొద్దీ మెత్తటి దెబ్బలు. దిగిపోతున్న ఆ స్థాయిని కూడా రికార్డు చేసి వేరే పేరుతో పెట్టుకో, అది ఏ కంపెనీ దగ్గరా దొరకదు. ఒక్కో దెబ్బ ఐదారు సార్లు, ఒక్కోసారి ఒక్కో బలంతో. దెబ్బ మోగి పూర్తిగా చచ్చిపోయేదాకా ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. దగ్గర ఒక మైకు, పది అడుగుల దూరాన ఒకటి. ఫైళ్ళకు పేర్లు అక్కడికక్కడే పెట్టు, రేపు పెడదామంటే నీకే ఏది ఏదో తెలియదు.

గండికోట ధాన్యాగారం లోపల నిలబడి ఎప్పుడైనా చప్పట్లు కొట్టినావా? ఆ రాతి కమానుల కింద శబ్దం ఎట్లా తిరిగొస్తుందో విను. అట్లాంటి చోటి ప్రతిధ్వనిని రికార్డు చేసి రివర్బ్‌గా వాడుకునే పద్ధతి ఉంది, కన్వల్యూషన్ అంటారు. లండన్ హాలు గుంభనాన్ని అరువు తెచ్చుకునే బదులు పెన్నా గట్టు మీద కోటలోదే నీ పాటకు పెట్టుకోవచ్చు. ఆ కట్టడం పురావస్తు శాఖ వాళ్ళది, ఊరికే మైకులేసుకుని పోతే ఊరుకోరు. అనుమతి కాగితం నేను చూస్తా, ఆ ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక నాకుంది.

సంక్రాంతి దాటినాక ఒక శనివారం వచ్చెయ్. పలకల వాళ్ళతో నేను మాట్లాడి పెడతా. రెండు రోజుల బత్తెం, భోజనం, రాకపోకల ఖర్చు మనదే అని చెప్తా. నువ్వు రెండు మైకులూ, స్టాండ్లూ, పొడుగాటి కేబుళ్ళూ తెచ్చుకో. లాప్‌టాప్ ఛార్జర్ మర్చిపోవద్దు, మాకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పరుపులు మీ పెద్దమ్మ ఇస్తానంటోంది, మంట పక్కన మాత్రం పెట్టొద్దంది.

నీ పెద్దనాయన